సీఆర్ఎంలోని కస్టమర్ల డేటా పవర్ బీఐ డెస్క్‌టాప్‌లోకి: ఓడేటా ఫీడ్‌తో లెక్క కలిసేదాకా

"కనెక్ట్ అయింది సార్, కానీ లెక్క కలవట్లేదు."

విజయనగరంలో నా దగ్గరికి ఈ పని మీద వచ్చేవాళ్లు చెప్పే మొదటి మాట ఇదే. డైనమిక్స్ 365లో, అంటే కస్టమర్ల వివరాలు దాచుకునే మైక్రోసాఫ్ట్ సీఆర్ఎం సాఫ్ట్‌వేర్‌లో, కస్టమర్లు, ఆర్డర్లు ఉన్నాయి. వాటిని ల్యాప్‌టాప్‌లోని పవర్ బీఐ డెస్క్‌టాప్‌లోకి తెచ్చి రిపోర్టు తయారుచేసుకోవాలి. ఒక వెబ్ అడ్రస్ ద్వారా డేటా ఇచ్చే ఓడేటా ఫీడ్ అనే దారి ఉందని తెలుసు. అడ్రస్ పేస్ట్ చేస్తే టేబుళ్లు కనిపించాయి కూడా. అక్కడితో అయిపోయిందనుకుంటారు.

కనెక్ట్ చేయడం పది నిమిషాల పని. సీఆర్ఎం తెర మీది సంఖ్య, రిపోర్టులోని సంఖ్య ఒకటయ్యేదాకా చేసేదే అసలు పని. అందుకే కింద కనెక్షన్‌కి తక్కువ చోటు, లెక్క కలపడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణలు పలాస జీడిపప్పు వ్యాపారం నుంచి తీసుకున్నాను, నేను ఎక్కువగా చేసింది ఆ డేటా మీదే. మీది రైస్ మిల్లయినా, మందుల ఏజెన్సీ అయినా మెట్లు మారవు. బటన్లు, కాలమ్‌ల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ పలికినట్టే రాశాను.

1. కూర్చునే ముందు చేతిలో ఉండాల్సినవి

☐ విండోస్ ల్యాప్‌టాప్. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. నా అనుభవంలో 8 జీబీ ర్యామ్ కంటే తక్కువైతే విసుగొస్తుంది.

☐ మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించిన పవర్ బీఐ డెస్క్‌టాప్. డబ్బు కట్టక్కర్లేదు, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి.

☐ సీఆర్ఎంలోకి వెళ్లే ఆఫీసు లాగిన్. సొంత జీమెయిల్ పనికిరాదు.

☐ ఆ లాగిన్‌కి అన్ని కస్టమర్ రికార్డులూ చదివే అనుమతి. 'సంస్థ మొత్తం' స్థాయిలో రీడ్ ఇవ్వమని మీ అడ్మిన్‌ని స్పష్టంగా అడగండి. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.

☐ లాగిన్‌కి ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుందో ఆ మనిషి. ఇది నవ్వులాటకి రాసింది కాదు. ఓనరు ఫ్యాక్టరీలో జీడిపిక్కల బస్తాలు తూకం వేయిస్తుంటే ఫోన్ ఎత్తడు, మీరు ఇక్కడ తెర చూస్తూ కూర్చుంటారు. ముందే టైము మాట్లాడుకోండి.

☐ ఒక కాగితం. దాని మీద సీఆర్ఎంలో ఈరోజు కనిపిస్తున్న సంఖ్యలు: యాక్టివ్ కస్టమర్లు ఎంతమంది, పోయిన నెల ఆర్డర్లు ఎన్ని, వాటి మొత్తం ఎంత. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టకండి.

2. ఫీడా, డేటావర్స్ కనెక్టరా?

డైనమిక్స్ 365 డేటా లోపల ఉండే చోటు పేరు డేటావర్స్. పవర్ బీఐలో దాని పేరుతోనే ప్రత్యేక కనెక్టర్ కూడా ఉంది. అదే సులువు కదా అంటారు. కుదిరితే సులువే. కానీ దానికి 1433 లేదా 5558 పోర్టు, అంటే నెట్‌వర్క్‌లో ఆ నంబరు దారి, తెరిచి ఉండాలి. చాలా ఆఫీసుల్లో ఫైర్‌వాల్ వాటిని మూసేస్తుంది, తెరిపించడానికి ఎవరో ఒకరి కాళ్లా వేళ్లా పడాలి. ఓడేటా ఫీడ్ మామూలు వెబ్‌సైట్ నడిచే దారిలోనే నడుస్తుంది. బ్రౌజర్‌లో సీఆర్ఎం తెరుచుకుంటే ఫీడూ వస్తుంది.

ఫీడ్‌కి ఒక పరిమితి ఉంది: డైరెక్ట్ క్వెరీ, అంటే చూసిన ప్రతిసారీ సీఆర్ఎంనే నేరుగా అడగడం, కుదరదు. డేటా కాపీ అయ్యి మీ ఫైల్లోకి వస్తుంది, మళ్లీ రిఫ్రెష్ కొట్టేదాకా పాతదే ఉంటుంది. రోజువారీ రిపోర్టుకి ఇది చాలు.

3. ఫీడ్ అడ్రస్ తీసుకోవడం

పవర్ యాప్స్ సైట్‌లోకి ఆఫీసు లాగిన్‌తో వెళ్లండి. పైన కుడివైపు గేర్ గుర్తు నొక్కి 'డెవలపర్ రిసోర్సెస్' తెరవండి. అందులో 'వెబ్ ఏపీఐ ఎండ్‌పాయింట్' అని ఒక అడ్రస్ ఉంటుంది. కాపీ చేసుకోండి.

అది మీ సంస్థ పేరుతో మొదలవుతుంది. ఇండియా రీజియన్‌లో పెట్టిన సీఆర్ఎం అయితే మధ్యలో 'సీఆర్ఎం8' అని, చివర్లో 'ఏపీఐ, డేటా, వీ9.2' అని ఉంటుంది. చేత్తో టైప్ చేయకండి. ఒక్క చుక్క తప్పినా ఎర్రర్ ఇంకెక్కడో ఉన్నట్టు చూపిస్తుంది.

టెస్టింగ్ కోసం ఇంకో ఎన్విరాన్‌మెంట్, అంటే వేరే సీఆర్ఎం, ఉంటే, పైన ఏది ఎంపికై ఉందో చూసుకోండి. టెస్ట్ డేటా మీద రెండు రోజులు రిపోర్టు కట్టినవాళ్లు నాకు తెలుసు.

4. కనెక్ట్ చేయడం

1. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో 'గెట్ డేటా' నొక్కి 'ఓడేటా ఫీడ్' ఎంచుకోండి.

2. 'బేసిక్'లో అడ్రస్ పేస్ట్ చేయండి.

3. ఎడమవైపు వచ్చే లాగిన్ రకాల్లో 'ఆర్గనైజేషనల్ అకౌంట్' ఎంచుకోండి. 'ఎనానిమస్' మీద ఉంచి కనెక్ట్ కొట్టడమే మొదటిసారి చేసేవాళ్ల మామూలు పొరపాటు.

4. 'సైన్ ఇన్' నొక్కి ఆఫీసు లాగిన్ ఇవ్వండి. బ్రౌజర్ గుర్తుంచుకున్న వేరే అకౌంట్ వస్తే 'యూజ్ అనదర్ అకౌంట్' నొక్కండి.

5. ఈ సెట్టింగ్ ఏ స్థాయికి అని కింద అడుగుతుంది. పొట్టి అడ్రస్, అంటే 'డాట్ కామ్' దగ్గర ఆగేదాన్ని ఎంచుకోండి. లేకపోతే టేబుల్‌కోసారి లాగిన్ అడుగుతుంది.

6. కనెక్ట్.

5. ముందు తగ్గించండి, తర్వాత కడగండి

నావిగేటర్‌లో వందల టేబుళ్ల జాబితా వస్తుంది. కంగారు పడకండి, మనకు కావాల్సినవి మూడే: 'అకౌంట్స్' అంటే షాపులు, కంపెనీలు, 'కాంటాక్ట్స్' అంటే మనుషులు, 'సేల్స్ ఆర్డర్స్' అంటే ఆర్డర్లు. మూడింటికీ టిక్ పెట్టి 'లోడ్' కాకుండా 'ట్రాన్స్‌ఫామ్ డేటా' నొక్కండి. ఇక్కడ లోడ్ నొక్కితే వందకు పైగా కాలమ్‌లు అలాగే దిగుతాయి, భోజనం చేసి వచ్చినా తిరుగుతూనే ఉంటుంది.

నెట్ మరీ నెమ్మదిగా ఉంటే జాబితా రాకముందే ఆగిపోతుంది. అప్పుడు అడ్రస్ చివర స్లాష్ పెట్టి టేబుల్ పేరు చేర్చండి, ఆ ఒక్క టేబులే వస్తుంది. మూడు టేబుళ్లకు మూడుసార్లు చేయాలి, అంతే.

ఎడిటర్ తెరుచుకున్నాక మొదట 'చూజ్ కాలమ్స్'. అకౌంట్స్‌లో నేను ఉంచేవి: అకౌంట్ ఐడీ, పేరు, ఊరు, పిన్‌కోడ్, స్టేట్ కోడ్. ఫోన్ నంబరు రిపోర్టులో వాడకపోతే తేకండి.

ఆ వెంటనే వరసలు (రోస్) ఫిల్టర్ చేయండి: యాక్టివ్ కస్టమర్లు, ఈ ఏడాది ఆర్డర్లు.

ఈ రెండూ ముందే చేయమనడానికి కారణం ఉంది. కాలమ్‌లు ఎంచుకోవడం, మామూలు ఫిల్టర్లు పెట్టడం లాంటి పనుల్ని పవర్ క్వెరీ (ఈ ఎడిటర్ పేరే అది) సీఆర్ఎం సర్వర్‌కే చెప్పి, తగ్గించిన డేటానే తెప్పించుకుంటుంది. మధ్యలో ఇండెక్స్ కాలమ్ లాంటి మెట్టు పడిందంటే ఆ తర్వాత పెట్టిన ఫిల్టర్ సర్వర్‌కి వెళ్లదు. మొత్తం డేటా మీ ల్యాప్‌టాప్‌లోకి దిగాక ఇక్కడ వడకడుతుంది. పేర్లు మార్చడం, ఖాళీలు తీసేయడం లాంటివి ఆఖర్న పెట్టుకోండి.

స్టేట్ కోడ్‌లో మాటలుండవు, అంకెలుంటాయి. అకౌంట్స్‌లో 0 అంటే యాక్టివ్, 1 అంటే ఇనాక్టివ్. మీవాళ్లు సొంతంగా చేర్చిన డ్రాప్‌డౌన్‌లు కూడా పెద్ద పెద్ద సంఖ్యలుగానే వస్తాయి. 'ఎంటర్ డేటా'తో సంఖ్య, దాని అర్థం రెండు కాలమ్‌ల చిన్న టేబుల్ కట్టి కలుపుకోండి.

6. లెక్క పెట్టండి

ఇక్కడ ఆగి కాగితం తీయండి. ఎడిటర్‌లో 'ట్రాన్స్‌ఫామ్' ట్యాబ్‌లో 'కౌంట్ రోస్' నొక్కితే సంఖ్య వస్తుంది. చూశాక ఆ మెట్టు తీసేయండి.

కాగితం మీద 1,840 ఉండి ఇక్కడ 612 వచ్చిందనుకోండి. ఎర్రర్ ఏమీ ఉండదు, ఎర్ర గీత కూడా ఉండదు. అనుమతి లేని రికార్డుల గురించి ఫీడ్ గొడవ చేయదు, వాటిని ఇవ్వకుండా ఊరుకుంటుంది. మీ లాగిన్‌కి 'సొంత రికార్డులు' లేదా 'బిజినెస్ యూనిట్' స్థాయి రీడ్ మాత్రమే ఉంటే ఆ మేరకే వస్తాయి. మీరు వాడింది ఒక సేల్స్‌మన్ లాగిన్ అయితే, ఆ 612 మంది అతని ఒక్కడి కస్టమర్లు అన్నమాట. దీనికి పవర్ బీఐలో మందు లేదు. అడ్మిన్ దగ్గరికి వెళ్లి సెక్యూరిటీ రోల్ మార్పించుకోవాలి.

కాగితం మీద రాసిన సంఖ్య కూడా అదే లాగిన్‌తో చూసిందైతే రెండూ 612 అని కలిసిపోతాయి, మీరు సంతోషపడతారు. అందుకే ఆ సంఖ్య ఓనరు లేదా అడ్మిన్ తెర మీద చూసి రాసుకోండి.

రెండో ఉచ్చు 5000. సీఆర్ఎం వ్యూ కింద రికార్డులు 5000 దాటితే '5000+' అని మాత్రమే చూపిస్తుంది. ఫీడ్ అడ్రస్ చివర స్లాష్, టేబుల్ పేరు, మళ్లీ స్లాష్, డాలర్ గుర్తుతో కౌంట్ అని చేర్చి బ్రౌజర్‌లో అడిగినా 5000 దగ్గరే ఆగుతుంది. పవర్ బీఐ మాత్రం 5000 చొప్పున పేజీలు తెచ్చుకుంటూ చివరిదాకా వెళ్తుంది. కాబట్టి పెద్ద టేబుల్‌ని మొత్తంగా పోల్చకండి. నెలవారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్క 5000 లోపు ఉండేలా చూసి పోల్చండి. ఎక్కడైనా అచ్చంగా 5000 అని వస్తే నమ్మకండి.

☐ యాక్టివ్ కస్టమర్ల సంఖ్య కలిసింది
☐ పోయిన నెల ఆర్డర్ల సంఖ్య కలిసింది
☐ పోయిన నెల ఆర్డర్ల మొత్తం కలిసింది
☐ పేరు తెలిసిన ముగ్గురు కస్టమర్లను వెతికితే దొరికారు

రెండోది ఒకటీ రెండు తేడాతో కలవకపోతే బెంగ పడకండి. దాని సంగతి 7వ మెట్టులో ఉంది.

7. తారీకులు: అయిదున్నర గంటల గొడవ

పలాసలో ఒక వ్యాపారికి రోజువారీ ఆర్డర్ల రిపోర్టు పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఏటి బాబూ, నాలుగో తారీకు లోడు మూడున పడిందేటి?"

వాళ్ల లారీ తెల్లవారకముందే హైవే ఎక్కేస్తుంది. గుమస్తా 4:30కే ఫోన్‌లో ఆర్డర్ కొట్టేస్తాడు. సీఆర్ఎం టైముని లోపల యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైములో, దాస్తుంది, అది మనకంటే 5:30 గంటలు వెనక. 4వ తారీకు తెల్లవారుజామున 4:30 అంటే అక్కడ 3వ తారీకు రాత్రి 11:00. సీఆర్ఎం తెర మన టైముకి మార్చి చూపిస్తుంది, ఫీడ్ మార్చదు. పగలంతా కొట్టిన ఆర్డర్లు సరిగ్గానే పడతాయి కాబట్టి ఈ తప్పు నెలలు గడిచినా బయటపడకపోవచ్చు. తప్పు నాదే, నేను పగటి ఆర్డర్లే చూసి సరిపోయిందనుకున్నాను.

ఎడిటర్‌లో 'టైమ్' కింద 'లోకల్ టైమ్' అనే బటన్ ఉంది. దాన్ని వాడకండి. మీ ల్యాప్‌టాప్‌లో సరిగ్గానే చూపిస్తుంది. రిపోర్టు పబ్లిష్ చేశాక రిఫ్రెష్ జరిగేది క్లౌడ్‌లో, అక్కడ 'లోకల్' అంటే మళ్లీ యూటీసీయే. ఇంట్లో సరిపోయిన తారీకు ఓనరు ఫోన్‌లో వెనక్కి పోతుంది.

దానికి బదులు 'కస్టమ్ కాలమ్' చేర్చి, డేట్‌టైమ్‌జోన్ డాట్ స్విచ్‌జోన్ అనే ఫంక్షన్‌కి క్రియేటెడ్ ఆన్ కాలమ్, 5, 30 ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లోనైనా క్లౌడ్‌లోనైనా మన టైమే వస్తుంది. ఆ కాలమ్ నుంచి తారీకు తీసుకోండి.

ఇది 5వ మెట్టుతో కొంచెం తగాదా పెట్టుకుంటుంది. ముందే ఫిల్టర్ చేయమన్నాను, కానీ అప్పటికి టైము యూటీసీలోనే ఉంది. ఏప్రిల్ 1 నుంచి అని ఫిల్టర్ పెడితే ఏప్రిల్ 1 తెల్లవారుజాము ఆర్డర్లు ఎగిరిపోతాయి. నేను చేసేదిది: సర్వర్‌కి వెళ్లే ఫిల్టర్‌ని ఒక రోజు ముందు నుంచి, మార్చి 31 నుంచి పెడతాను. టైము మార్చాక, మారిన తారీకు మీద ఏప్రిల్ 1 అని రెండో ఫిల్టర్ పెడతాను.

డెలివరీ తేదీ లాంటి, టైము లేని తారీకుల కాలమ్‌లను ముట్టుకోకండి. వాటిని మారిస్తే లేని తప్పు తెచ్చిపెట్టుకున్నట్టే.

8. ఆర్డర్‌ని కస్టమర్‌తో కలపడం

ఆర్డర్‌లో కస్టమర్ పేరు ఉండదు. 'కస్టమర్ ఐడీ'కి ముందు అండర్‌స్కోర్, చివర 'వాల్యూ' తగిలించిన కాలమ్‌లో పొడుగాటి ఐడీ ఉంటుంది. పక్కనే 'రికార్డ్', 'టేబుల్' అని కనిపించే కాలమ్‌లను విప్పితే పేరు వస్తుంది కానీ, అలా విప్పితే ఒక్కో ఆర్డర్‌కీ సర్వర్‌కి వేరుగా వెళ్లిరావాల్సి రావచ్చు. వెయ్యి ఆర్డర్లకే ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది.

'మెర్జ్ క్వెరీస్' వాడండి. ఆర్డర్ల టేబుల్‌లో ఆ ఐడీ, అకౌంట్స్‌లో అకౌంట్ ఐడీ, జాయిన్ రకం 'లెఫ్ట్ ఔటర్'.

తర్వాత పేరు ఖాళీగా ఉన్న ఆర్డర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటాయి. సీఆర్ఎంలో ఆర్డర్‌కి కస్టమర్‌గా షాపుని పెట్టొచ్చు, మనిషినీ పెట్టొచ్చు. గుమస్తా తొందరలో షాపు బదులు ఓనరు పేరు ఎంచుకుంటే అది కాంటాక్ట్స్‌కి పోతుంది. అదే ఐడీతో కాంటాక్ట్స్‌ని కూడా మెర్జ్ చేసి, మొదటిది ఖాళీ అయితే రెండోది తీసుకోమని కస్టమ్ కాలమ్ పెట్టండి. యాక్టివ్ కస్టమర్లకే ఫిల్టర్ పెట్టుంటే, ఇనాక్టివ్ చేసిన షాపుల పాత ఆర్డర్లు కూడా ఇలాగే ఖాళీగా వస్తాయి. వాటి పేర్లు కావాలంటే మెర్జ్‌కి ఫిల్టర్ లేని అకౌంట్స్ కాపీ వాడండి.

ఇంకా మిగిలినవి ఏమిటో చూడాలంటే జాయిన్ రకం 'లెఫ్ట్ ఆంటీ' పెట్టండి, జత దొరకనివి మాత్రమే వస్తాయి.

9. ఊళ్లు, జిల్లాలు

మన రెండు జిల్లాల డేటాలో ఇది ప్రత్యేకమైన తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక శ్రీకాకుళం జిల్లాలోని రాజాం విజయనగరానికి వెళ్లింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకి, విజయనగరంలో ఉన్న సాలూరు కూడా అక్కడికే. సీఆర్ఎంలో పాత కస్టమర్ల అడ్రస్‌లో జిల్లా పాతదే, కొత్తవాళ్లకి కొత్తది. రిపోర్టులో రాజాం రెండు జిల్లాల్లో కనిపిస్తుంది.

సీఆర్ఎంలోని జిల్లా కాలమ్‌ని వదిలేయండి. ఊరు, మండలం, ఇప్పటి జిల్లా అని మీరే ఒక టేబుల్ చేసుకుని ఊరి పేరుతో మెర్జ్ చేయండి. పిన్‌కోడ్‌తో చేస్తే త్వరగా అవుతుంది, కానీ సరిహద్దు ఊళ్ల దగ్గర చేత్తో సరిచూడాలి.

ఊరి పేర్లు ఒక్కోరు ఒక్కోలా రాస్తారు: పూర్తి పేరు ఒకరు, నాలుగక్షరాల పొట్టి పేరు ఒకరు. ఊరు కాలమ్‌లో 'ఏడురోడ్ల జంక్షన్ దగ్గర' అని రాసినవాళ్లూ ఉన్నారు. ఎన్ని రకాలుగా రాశారో చూడటానికి 'గ్రూప్ బై' కొట్టి, ఒక్కోదానికీ సరైన పేరు పక్కన పెట్టి టేబుల్ చేయండి. ఓ గంట పడుతుంది, తప్పించుకునే దారి లేదు.

పిన్‌కోడ్ వాడితే మూడు జాగ్రత్తలు:

- ఫీడ్‌లో పిన్‌కోడ్ టెక్స్ట్. మీ ఎక్సెల్‌లో నంబరు. రెండూ టెక్స్ట్ చేస్తే తప్ప జత కుదరదు.
- '532 221' అని మధ్యలో ఖాళీ ఉంటే 'ట్రిమ్' తీయదు, అది చివర్లవే తీస్తుంది. 'రీప్లేస్ వాల్యూస్'తో తీయండి.
- 'డిటెక్ట్ డేటా టైప్' నొక్కకండి. ఫోన్ నంబర్లు తెచ్చుకుని ఉంటే 08942తో మొదలయ్యేవి సున్నా పోగొట్టుకుంటాయి.

10. ఎర్రర్లు, మందులు

*లాగిన్ సరైనదే, అయినా కుదరదంటుంది.* 'డేటా సోర్స్ సెట్టింగ్స్'లో ఆ అడ్రస్‌కి 'క్లియర్ పర్మిషన్స్' కొట్టి మళ్లీ సైన్ ఇన్ అవ్వండి. పదింట ఎనిమిదిసార్లు పాత అకౌంట్ అతుక్కుని ఉంటుంది.

*ఫార్ములా ఫైర్‌వాల్ అంటుంది.* ఫీడ్‌ని మీ ఎక్సెల్‌తో కలిపినప్పుడు వస్తుంది. రెండింటి 'ప్రైవసీ లెవెల్' ఆర్గనైజేషనల్ చేయండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీని పూర్తిగా పట్టించుకోవద్దనే ఆప్షన్ కూడా ఉంది, కస్టమర్ల డేటా విషయంలో నేను దాని జోలికి పోను.

*నిన్నటిదాకా నడిచింది, ఈరోజు కాలమ్ దొరకలేదంటుంది.* సీఆర్ఎంలో ఎవరో కాలమ్ తీసేశారు. 'అప్లైడ్ స్టెప్స్'లో పైనుంచి ఒక్కోటి నొక్కుతూ వస్తే ఎక్కడ విరిగిందో కనిపిస్తుంది.

*429 అని వస్తుంది.* మరీ ఎక్కువసార్లు అడిగారు. ఒక్కో యూజర్‌కి 5 నిమిషాల్లో 6000 రిక్వెస్టులు పరిమితి. కాసేపు ఆగి, 8వ మెట్టులో చెప్పినట్టు విప్పడం మానేసి మెర్జ్ చేయండి.

11. విజువల్ స్టూడియోలో ప్రోగ్రాం రాసేవాళ్లకు

అడ్రస్ అదే, అనుమతుల సంగతీ అదే. తేడా ఏమిటంటే, పవర్ బీఐ వెనకాల చేసిపెట్టేవన్నీ ఇక్కడ మీరు చేయాలి. మైక్రోసాఫ్ట్ ఎంట్రాలో యాప్ రిజిస్టర్ చేసి, సీఆర్ఎంలో దానికి అప్లికేషన్ యూజర్‌ని పెట్టి, సెక్యూరిటీ రోల్ ఇవ్వాలి. రోల్ మర్చిపోతే టోకెన్ వస్తుంది, డేటా రాదు.

ఒక్కో జవాబులో 5000 రికార్డులే వస్తాయి. చివర 'నెక్స్ట్ లింక్' ఉన్నంతసేపూ దాన్ని పట్టుకుని వెళ్లాలి. 429 వస్తే, ఎంతసేపు ఆగాలో 'రిట్రై ఆఫ్టర్' హెడర్ చెబుతుంది, అంతసేపు ఆగండి. క్లయింట్ సీక్రెట్‌ని కోడ్‌లో రాసి ఫైలు పంపకండి.

12. పబ్లిష్, రిఫ్రెష్

పబ్లిష్ చేయడానికి ముందు ఒక మాట. ఈ ఫైల్లో డేటా మొత్తం కాపీ అయి ఉంటుంది. వాట్సాప్‌లో ఫైలు పంపితే కస్టమర్ల జాబితా అంతా పంపినట్టే, తెరవడానికి సీఆర్ఎం లాగిన్ కూడా అడగదు. మనుషుల వివరాలకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. అదటుంచి, పోటీ వ్యాపారి చేతికి వెళ్తే చాలదా? ఫైలు పంపకండి, పబ్లిష్ చేసి చూసే అనుమతి ఇవ్వండి.

ఫీడ్ ఒక్కటే ఉంటే రిఫ్రెష్‌కి గేట్‌వే (ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లను క్లౌడ్‌కి అందించే ప్రోగ్రాం) అక్కర్లేదు. ఊళ్ల టేబుల్ మీ ల్యాప్‌టాప్ సీ డ్రైవ్‌లోని ఎక్సెల్ అయితే గేట్‌వే కావాలి, ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. కరెంటు పోయిందా, రిఫ్రెష్ పోయింది. ఆ టేబుల్‌ని ఆఫీసు షేర్‌పాయింట్‌లోకి మార్చండి, లేదా 'ఎంటర్ డేటా'తో ఫైల్లోనే పెట్టేయండి.

ప్రో లైసెన్స్‌లో రోజుకి 8 సార్లు రిఫ్రెష్ పెట్టుకోవచ్చు. జీడిపప్పు వాళ్లకి నేను రెండే పెడతాను: పొద్దున లారీ వెళ్లాక ఒకటి, సాయంత్రం లెక్కలు చూసే ముందు ఒకటి. టైమ్ జోన్ కూడా మనదే ఉందేమో అక్కడే చూసుకోండి.

☐ క్లౌడ్‌లో 'డేటా సోర్స్ క్రెడెన్షియల్స్' దగ్గర మళ్లీ సైన్ ఇన్ చేశారు
☐ మొదటి రిఫ్రెష్ చేత్తో కొట్టి చూశారు
☐ రిఫ్రెష్ అయ్యాక ఒక తెల్లవారుజాము ఆర్డర్ తారీకు ఫోన్‌లో చూశారు
☐ ఫెయిల్ అయితే మెయిల్ మీకూ వచ్చేలా పెట్టారు

చివరిది వదిలేయకండి. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూల్ ఆగిపోతుంది. ఎవరి లాగిన్‌తో కట్టారో వాళ్లు పాస్‌వర్డ్ మార్చుకున్న వారం ఇది జరుగుతుంది. అప్పుడు క్రెడెన్షియల్స్ దగ్గర మళ్లీ సైన్ ఇన్ అయి, షెడ్యూల్‌ని మళ్లీ ఆన్ చేయాలి. సైన్ ఇన్ ఒక్కటీ అయ్యి, ఆన్ చేయడం మర్చిపోతే రిపోర్టు పాత సంఖ్యలతోనే తెరుచుకుంటూ ఉంటుంది.